సగం కాచే సూది

బెంచీ మీద కూర్చున్నాక గాని తనెంత అలసిపోయి ఉందో ఒతీలియాకి తెలియలేదు. కొండ దిగేటప్పుడు తెలియలేదు, ఎవారిస్తో గుమ్మం ముందు నిలబడి తలుపు బాదేటప్పుడు తెలియలేదు, కొయ్యకున్న కోటు తీసి అతని చేతుల్లో పెట్టి వేసుకో, వేసుకో అని చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పేటప్పుడూ తెలియలేదు. ఇప్పుడు ఈ వాడ సంఘం హాల్లో, గోడవారన వేసిన చెక్కబెంచీ మీద వీపు ఆనించగానే మోకాళ్లలోంచి, భుజాల్లోంచి, ఒంట్లో ఇంకా పేరు తెలియని చోట్లలోంచి అలసటంతా కదిలివచ్చి ఒళ్లో కూర్చుంది. పైన రేకుల మీద వాన. మూలనున్న ఇనప పొయ్యిలో సరిగా ఎండని కట్టెలు పొగలు కక్కుతున్నాయి. తడిసిన ఉన్ని వాసన, పొగ వాసన, ఎవరో జేబులో పెట్టుకొచ్చిన వేయించిన రొట్టె వాసన. ఏప్రిల్ నెలాఖరు, ఈ దక్షిణపు ద్వీపంలో చలికాలమంటే జూన్, జూలై, చలి ఇంకా పూర్తిగా దిగలేదు గాని దారిలో ఉంది. అది వచ్చేలోపు ఊళ్లో ముసలివాళ్లందరికీ ఫ్లూ టీకా వేసెయ్యాలని ఆసుపత్రి వాళ్ల తాపత్రయం. ఏటా ఇదే హాలు, ఇదే వరస, ఇదే వాసన. ముందు బెంచీలో కూర్చున్న ఆ పెద్దాయన ఒంటి మీద గోధుమరంగు స్వెటరు తను అల్లిందే, మోచేతి దగ్గర కుట్టు ఊడిపోయింది. విప్పించి నాలుగు కుట్లు వేస్తే మళ్లీ పదేళ్లు వస్తుంది. అతనికా సంగతి చెప్పాలనుకుంది, నోరు తెరవడానికి ఓపిక లేకపోయింది. చెప్తే తనే అల్లాలి. తనే సూదులు తియ్యాలి, అదే రంగు ఉన్ని వెతకాలి. వద్దులే. ఊడిపోనీ.

పక్కన ఎవారిస్తో. చెల్లెలి మొగుడు. రెండు చేతులూ మోకాళ్ల మీద బోర్లించి నేలకేసి చూస్తున్నాడు. ఆ చేతులు ఈ తీరమంతటా ఎన్ని పడవలు చేశాయో. ఇప్పుడు చూస్తే ఎవరో ఇక్కడ పెట్టి మరిచిపోయిన పనిముట్లలా ఉన్నాయి. జూలైలో ఆపేసిన పడవ ఇంకా అతని ఇంటి ముందు ఎముకలు బయటపెట్టుకుని నిలబడే ఉంది. పలకలు బిగించలేదు, పైన పట్టా కూడా కప్పలేదు. దాని పక్కనుంచే రోజూ కూడు గిన్నె పట్టుకుని తను వెళ్తుంది. ఒకరోజు బంగాళాదుంపల పులుసు, ఒకరోజు పొగలో ఎండబెట్టిన ఆల్చిప్పలు, ఓపికుంటే బంగాళాదుంపల పిండిలో పందికొవ్వు వేసి మిల్కావో రొట్టె. తింటాడు. బాగుందనడు, బాగాలేదనడు. గిన్నె కడిగి బోర్లిస్తాడు, అంతవరకు నయం. క్లోరిందా ఉండగా ఈ మనిషి గిన్నె ముట్టుకోగా చూసింది లేదు. చెల్లెలు పోయి మరిదికి గిన్నెలు కడగడం నేర్పింది. ఈ మాట క్లోరిందాకి చెప్తే పడీపడీ నవ్వేది. చెప్పడానికి క్లోరిందా లేదు, నవ్వు వచ్చినప్పుడల్లా ఈ సంగతి కొత్తగా తెలుస్తుంది, నవ్వు గొంతులోనే తిరగబడి లోపలికి పోతుంది.

పోయినేడు ఇక్కడే కూర్చున్నారు అక్కాచెల్లెళ్లిద్దరూ, ఈ బెంచీయో ఆ బెంచీయో. క్లోరిందా ఊరుకుని కూర్చునే రకం కాదు. బడి వంటింట్లో ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన మనిషి, వందమంది పిల్లల గోల మీద గొంతు వినిపించడం అలవాటు. నర్సు యాస్నా పిలవగానే లేచి, "అమ్మాయ్, నాకు సన్నసూది తీసిపెట్టు, లావుది మా అక్కకి. అక్క చర్మం గొర్రె చర్మం, సన్నది వంగిపోతుంది" అని హాలంతా వినపడేలా చెప్పింది. అందరూ నవ్వారు. తను సిగ్గుపడి చెల్లెలి జబ్బ గిల్లింది, సూది వెయ్యబోయే జబ్బే. ఇద్దరికీ ఒకే డబ్బాలోంచి, ఒకే చేత్తో, ఒకరి తర్వాత ఒకరికి. బయటికొచ్చి రేవు దగ్గర వేడి రొట్టెలు కొనుక్కుని అవతలి ద్వీపం నుంచి వచ్చే పంటు పడవ చూస్తూ తిన్నారు. చిన్నప్పుడు అంతే, ఏదైనా సగం సగం. ఒక గుడ్డు ఉంటే సగం, ఒక కంబళి ఉంటే సగం, అమ్మ తిట్లు కూడా సగం సగం. కంబళి మాత్రం రాత్రి సగమయ్యేసరికి క్లోరిందా మీదే ఉండేది, తెల్లారి తన కాళ్లు గడ్డకట్టి ఉండేవి, "నిద్దర్లో నాకేం తెలుసే అక్కా" అనేది. అబద్ధం. తెలుసు దానికి.

"ఏమోనండీ, నన్నడిగితే శుద్ధ దండగ." గొంతు వెనక బెంచీలోంచి. చూడక్కర్లేదు, ఉల్దా. చేపల అంగడి పక్కన ఉప్పు అమ్మే ఉల్దా, మొన్ననే డెబ్బై దాటింది, తల్లిని తీసుకొచ్చింది గాని తను వేయించుకోదట. "మన క్లోరిందా సంగతి చూశారుగా. వేయించుకుంది. కొండలాంటి మనిషి. జూలైలో పోలా? సూది వేయించుకున్నందుకు ఏం ఒరిగింది? నేనైతే నిమ్మకాయ, తేనె, పొయ్యి పక్కన పడక. అంతే."

ఎవరో మగమనిషి, "అదీ నిజమే" అన్నాడు. బెంచీ కిర్రుమంది, లేస్తున్నట్టున్నాడు. అడుగులు. తలుపు తెరుచుకుని చలిగాలి ఒక్కసారి లోపలికి వచ్చింది, మళ్లీ మూసుకుంది. ఒక మనిషి వెళ్లిపోయాడు. ఎవరో ఒతీలియా చూడలేదు. చూస్తే గుర్తుపడుతుంది, గుర్తుపడితే వచ్చే చలికాలం అంతా ఆ మనిషి దగ్గుతున్నాడేమోనని చెవులు రిక్కించుకుని బతకాలి.

ఇలా ఎన్నిసార్లు విన్నదో. రొట్టెల కొట్టు దగ్గర, చర్చి మెట్ల మీద, సంతలో తను ఉన్ని మేజోళ్లు పరుచుకుని కూర్చున్నప్పుడు అవతలి బల్ల దగ్గర. మన క్లోరిందా చూశారుగా. బతికినన్నాళ్లు ఆ పేరు చెప్తే బడి పిల్లలకి వేడి సేమ్యా గుర్తొచ్చేది, పాటల జట్టులో వాళ్లకి పెద్ద గొంతు గుర్తొచ్చేది. ఇప్పుడు ఆ పేరు చెప్తే టీకా పనిచేయదని అర్థం. అరవై తొమ్మిదేళ్ల బతుకు బతికి చివరికి ఒక సాక్ష్యం అయిపోయింది. వెనక్కి తిరిగి ఏదో ఒకటి అనాలి. ఏమంటుంది? వేయించుకోలేదంటే అబద్ధం. పోలేదంటే అబద్ధం. ఉల్దా చెప్పింది రెండూ నిజమే, ఆ రెండు నిజాల్నీ పక్కపక్కన పెట్టి మధ్యలో ఒక "చూశారుగా" పెడితే ఏదో తప్పయిపోతోంది. ఆ తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించే చదువు తనకి లేదు, ఓపిక అసలు లేదు.

ఆ జూలై. గాలివాన, ద్వీపాల మధ్య పంటు తిరగలేదు. ముందు తనకే వచ్చింది. ఒళ్లంతా కర్రలతో కొట్టినట్టు, కళ్లు మండుతూ, మంచం దిగితే గోడలు ఊగుతూ. క్లోరిందా వచ్చి పొయ్యి రాజేసి, పులుసు కాచి, "గొర్రె చర్మం అక్కా, నీకేం కాదు" అని వెళ్లింది. తన నుంచి అంటుకుందా? బజార్లో అంటుకుందా? బడి పిల్లల దగ్గరా? ఆ వారం ఊళ్లో దగ్గని ఇల్లు లేదు. తను ఆదివారానికి లేచి కోళ్లకి మేత వేసింది. క్లోరిందా ఆదివారానికి పడుకుంది. మొదట్లో అదే పోకడ, అదే జ్వరం, అదే ఒళ్లునొప్పులు, ఇది కూడా నాలాగే లేచి కూర్చుంటుందిలే అనుకుంది. ఊపిరి అందడం లేదని ఎవారిస్తో పరిగెత్తుకొచ్చినప్పుడు తను వంటింట్లో ఉల్లిపాయ కోస్తోంది. కాస్త్రో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లే బండిలో క్లోరిందా తన చెయ్యి పట్టుకునే ఉంది, మూతికి గొట్టం పెట్టారు కాబట్టి మాట లేదు. అంత మాటకారి మాట లేకుండా పోయింది. ఉల్లిపాయ వాసన ఇంకా వేళ్లకి ఉండింది, ఆ వేళ్లనే పట్టుకుంది.

అక్కడి డాక్టరు కుర్రాడు, ఉత్తరాది యాస. వరండాలో తన పక్కన కూర్చుని చెప్పాడు, నిలబడి చెప్పలేదు, అందుకు అతని మీద మంచి అభిప్రాయం మిగిలింది. "మా చెల్లి టీకా వేయించుకుంది బాబూ. నాతోనే వేయించుకుంది" అంటే అతను తల ఊపాడు. "వయసులో ఉన్నవాళ్లకి పనిచేసినంతగా పెద్దవాళ్లకి పనిచేయదమ్మా. ఒళ్లు కూడా ముసలిదవుతుంది కదా, సూది నేర్పింది సగమే నేర్చుకుంటుంది. జబ్బేమో ఏటా వేషం మారుస్తుంది. మంచి ఏడాదైతే సగానికి సగం మందిని కాస్తుందనుకోండి, కొన్నేళ్లు అంత కూడా కాదు. కాకపోతే ఎంతోమందిని మీ చెల్లెలంతదాకా రానివ్వకుండా ఆపుతుంది."

"మరి దీన్ని?"

"ఆపలేకపోయిందమ్మా."

సగానికి సగం. ఆ మాట పట్టుకుని బండిలో ఇంటికొచ్చింది, శవపేటిక వెనకబండిలో వస్తుంటే. సగానికి సగం, మేమిద్దరం. లెక్క సరిపోయింది. ఈసారి నాకే ఎక్కువ వచ్చింది, కంబళి నా మీదే ఉండిపోయింది, నిద్దర్లో నాకేం తెలుసే చెల్లీ. అలా కాదని తెలుసు. ఇద్దరికి ఒకటి అని పంచేది కాదది, డాక్టరు చెప్పింది ఊళ్ల మీద, దేశాల మీద లెక్క. తెలుసు. అయినా తెల్లారగట్ల మెలకువ వచ్చినప్పుడు ఆ లెక్క అలాగే వస్తుంది, ఇద్దరం, సగం. ఇంకో మాట కూడా వస్తుంది. తను లేచింది సూది వల్లేనా? ఆ ఐదారు రోజుల జ్వరం, సూది లేకపోతే తనను కూడా ఆ బండిలో పడుకోబెట్టేదా? లేక గొర్రె చర్మం కాబట్టి ఎలాగూ లేచేదా? ఎవరు చెప్తారు? ఏ డాక్టరూ చెప్పలేడు. పోయినవాళ్లకి పేరుంటుంది, సమాధి ఉంటుంది, ఉల్దా ఉంటుంది చెప్పడానికి. పోవలసి ఉండి పోనివాళ్లు ఎవరో వాళ్లకే తెలియదు. ఈ హాల్లోనే ఉండి ఉంటారు. మోచేతి దగ్గర స్వెటరు ఊడిపోయిన ఆ పెద్దాయనే కావచ్చు. పోయినేడు సూది ఆయన్ని చావు దారిలోంచి పక్కకి లాగి ఉండొచ్చు, ఆయన మాత్రం ఈ చలికాలం పెద్దగా ఏమీ రాలేదులే అనుకుని ఉంటాడు. తప్పిపోయిన చావుకి మొహం ఉండదు. దాని గురించి సంతలో ఎవరూ మాట్లాడుకోరు.

ఎవారిస్తో లేచాడు.

కళ్లు మూసుకుని ఉంది కాబట్టి మొదట తను కూర్చున్న బెంచీ తేలికపడటం తెలిసింది, తర్వాత బూట్ల చప్పుడు. కళ్లు తెరిచేసరికి అతను తలుపు దగ్గర కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. లేవాలి. బెంచీ అంచు పట్టుకుని లేచింది. ఇరవై మంది ముసలివాళ్లు చూస్తుండగా వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది. ఇదీ ఒక పని. రోజూ కొండెక్కడం ఒక పని, గిన్నె మొయ్యడం ఒక పని, ఇప్పుడు వీధిలోకి పోయే మనిషిని పట్టుకోవడం.

"ఎక్కడికి?"

"ఇంటికి, వదినా."

"ఉల్దా మాటలు విన్నావా? దానికి నోరు తప్ప ఏముంది? దాని మాట పట్టుకుని..."

"ఉల్దా మాట కాదు." అతను గుమ్మం బయట చూరు కిందికి నడిచాడు, తనూ నడిచింది. రేవు కనిపించడం లేదు, అంతా బూడిదరంగు. జూలై తర్వాత అతను వరసగా రెండు మాటలు మాట్లాడటం ఇదే మొదలు. "పోయినేడు నేను వేయించుకోలేదు. పడవ పని ఉందని రాలేదు. నాకు తుమ్ము కూడా రాలేదు, వదినా. వేయించుకున్న మనిషి పోయింది. ఇదేం న్యాయం?"

"న్యాయం ఏముంది ఇందులో? జబ్బుకి న్యాయం ఏం తెలుసు?"

"అందరూ అది పనిచేయదని భయపడుతున్నారు." కోటు కాలరు పైకి లాక్కున్నాడు, అతని మొహం సగం అందులోకి పోయింది. "నాకా భయం లేదు. పనిచేస్తుందేమోనని నా భయం."

ఒతీలియాకి అర్థం కావడానికి కొంచెం పట్టింది, అర్థమయ్యాక ఇన్నాళ్లూ తనకి తెలుసని కూడా అర్థమైంది. కప్పని పడవ. కడిగి బోర్లించిన గిన్నె, ఎవరికీ బాకీ లేకుండా వెళ్లిపోవడానికి సర్దుకున్నట్టు. ఏడవాలి కాబోలు ఇప్పుడు. ఓదార్చాలి కాబోలు. క్లోరిందా పైనుంచి చూస్తోందనో, దేవుడిచ్చిన ప్రాణమనో, పాదిరిగారు చెప్పేవి ఉన్నాయి కదా, వాటిలో ఒకటి తీసి చెప్పాలి. లోపల వెతికింది. ఏమీ దొరకలేదు. అలసట ఒక్కటే దొరికింది, నీళ్లు తోడేసిన బావి అడుగులా చల్లగా, నల్లగా. అదే బయటికి వచ్చింది.

"నా వల్ల కాదు, ఎవారిస్తో."

అతను తల తిప్పాడు.

"నీకు బతకాలని లేదు, సరే. నిన్ను బతిమాలే ఓపిక నాకు లేదు. కానీ రోజూ నీ గుమ్మం ఎక్కేది నేను. నీ గిన్నె ముట్టుకునేది నేను. ఈ చలికాలం నీకొస్తే నీ మంచం పక్కన కూర్చునేది ఎవరు? ఉల్దానా? నేనే. నువ్వు నా మొహం మీద దగ్గుతావు. నా ఒళ్లు ముసలిది, సూది వేయించుకున్నా సగమే కాస్తుందని ఆ డాక్టరే చెప్పాడు. మిగతా సగం నువ్వు వేయించుకోవాలి. నీ కోసం వద్దు. నాకోసం." ఒక్కో మాటా లాగి బయట పెట్టినట్టు వస్తోంది. "చెల్లిని మోశాను. నిన్నూ మోసి, ఆ తర్వాత నన్ను నేను ఎలా మోసుకోను? చెప్పు. నాకు ఉన్ని పని కూడా బరువుగా ఉంటోంది, తెలుసా నీకు? ఒక మేజోడు అల్లి రెండోది అల్లలేకపోతున్నాను. ఇంట్లో అన్నీ ఒంటి మేజోళ్లే."

ఎందుకు చెప్పింది మేజోళ్ల సంగతి? ఎవరికీ చెప్పలేదు. అతను తనకేసి చూస్తున్నాడు. జూలై నుంచి అతను చూస్తున్నది నేలనీ, పొయ్యినీ, గిన్నెనీ. ఇప్పుడు చూస్తున్నది తన మొహాన్ని, తన మొహం ఎలా ఉందో ఏమో, పొద్దున అద్దం కూడా చూసుకోలేదు.

లోపల్నుంచి యాస్నా గొంతు, "ఒతీలియా అమ్మమ్మా! ఎక్కడికెళ్లారు? మీ వంతు!" తనకి మనవలే లేరు, అమ్మమ్మా అని పిలిస్తే ప్రతిసారీ చిరాకు. ఇవాళ చిరాక్కి కూడా చోటు లేదు. లోపలికి వెళ్లింది. అతను వస్తాడో రాడో వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే మళ్లీ బతిమాలినట్టవుతుంది. చెప్పాల్సింది చెప్పేసింది, ఇక దాని బరువు అతనిది.

స్వెటరు చెయ్యి పైకి లాగుతుంటే యాస్నా మెల్లగా, "చెల్లెమ్మగారు గుర్తొస్తున్నారా? నాకైతే పొద్దుట్నుంచీ గుర్తొస్తున్నారు" అంది. అవునంది. సన్నసూదో లావుసూదో, చీమ కుట్టినంతసేపు. దూది. అక్కడ కూర్చోండమ్మా కాసేపు, కళ్లు తిరిగితే చెప్పండి. బెంచీ దగ్గరికి నడుస్తుంటే వెనక కుర్చీ జరిగిన చప్పుడు, కోటు బరువుగా ఎక్కడో పడిన చప్పుడు, యాస్నా అంటోంది, "అబ్బో, చెక్క కన్నా గట్టిగా ఉంది బాబాయ్ జబ్బ, కొంచెం వదులు చెయ్యండి." కూర్చుంది. చూసింది. ఎవారిస్తో తెల్లటి జబ్బ, ఎండ తగలని చోటు, పిల్లాడి చెయ్యిలా ఉంది. సూది దిగుతుంటే అతను దాన్నే చూస్తున్నాడు.

ఉల్దా ఊరుకుంటుందా. "నువ్వూ వేయించుకున్నావా ఎవారిస్తో? క్లోరిందాకి అంత జరిగాక కూడా?"

అతను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు, నింపాదిగా, గుండీ పెట్టుకున్నాడు. తర్వాత హాలంతా వినపడేలా, పడవ మీద నుంచి ఒడ్డుకి అరిచే గొంతుతో అన్నాడు. "ఉల్దా, మా క్లోరిందా ఏటా ఈ వరసలో నిలబడ్డ మనిషి. ఆమె పేరు చెప్పి ఈ వరసలోంచి ఇంకెవర్నీ లేపకు."

పొయ్యిలో కట్టె చిటపటమంది. ఉల్దా తల్లి, ఆ తొంభై ఏళ్ల ముసలమ్మ, కూతురి మోకాలి మీద చరిచి, "నోర్మూసుకుని నువ్వూ చెయ్యి చాపవే మొద్దూ" అంది. ఎవరో నవ్వారు. ఉల్దా చెయ్యి చాపిందో లేదో ఒతీలియా చూడలేదు, ఆ పక్కకి మెడ తిప్పడానికి చాలా దూరం అనిపించింది.

పక్కన బెంచీ బరువుకి కుంగింది, ఎవారిస్తో వచ్చి కూర్చున్నాడు. పొగ, ఉన్ని, తారు వాసన కొంచెం. ఇవాళ వండలేదు. ఇంటికెళ్లి దుంపలు చెక్కు తియ్యాలి, పొయ్యి ఆరిపోయి ఉంటుంది, కోళ్లు తడిసి ఉంటాయి. మేలుకుని ఉండాలి. నర్సమ్మ కళ్లు తిరిగితే చెప్పమంది, తిరగడం లేదు, మూసుకుపోతున్నాయి, అది వేరు. సగం నాది, సగం అతనిది, రెండూ కలిపినా మొత్తం అవుతుందో అవదో, జూలై వస్తే గాని తెలియదు, జూలై చాలా దూరం. తల ఎక్కడో ఆనింది. గట్టిగా ఉంది, చెక్క కన్నా గట్టిగా, కానీ వెచ్చగా ఉంది. ఆ భుజం ఒక్కసారి బిగుసుకుంది, జరిగిపోతుందేమోననుకుంది, జరగలేదు. కొంచెం కిందికి దిగింది, తన తలకి అందేట్టు. ఎప్పుడు నిద్రపోయింది చివరిసారి? పడుకుంటోంది రోజూ. నిద్రపోయింది ఎప్పుడు? వాన రేకుల మీద నుంచి ఎక్కడికో వెళ్లిపోతోంది, మాటలు నీళ్ల అవతల నుంచి వస్తున్నాయి. "బాబాయ్, టైమైంది, ఇక మీరు వెళ్లొచ్చు. అమ్మమ్మని లేపనా?"

"లేపకమ్మా." ఆ గొంతు ఆమె చెవికి భుజంలోంచే వినిపించింది. "వదిన బాగా అలిసిపోయింది. కూర్చుంటాం. మాకేం తొందర."